లోపలి గదిలో నవ్వు

అత్తగారి దుప్పటి పిండుతుండగా వసుమతికి ఆ నవ్వు వినిపించింది. కుళాయి కట్టేసి, తడిచేతులతో అలాగే నిలబడి మళ్లీ విన్నది. అనుమానం లేదు, నవ్వుతున్నది స్వరాజ్యంగారే. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక అత్తగారు నవ్వగా వసుమతి చూడకపోలేదు. టీవీలో ఎవరైనా కాలుజారి పడితే ఆవిడ నవ్వేవారు. వసుమతి పుట్టింటివాళ్లు పెట్టిన చీర మడత విప్పి, వెలుతురుకి ఎత్తి చూసి, పక్కింటావిడ వైపు తిరిగి నవ్వేవారు. ఇది ఆ నవ్వు కాదు. గుక్క తిప్పుకోలేక, మధ్యలో దగ్గు వచ్చి, "అబ్బ, ఆగవే తల్లీ, కడుపు నొప్పెడుతోంది" అని బతిమాలుకునే నవ్వు. ఆ మనిషిలో అలాంటి నవ్వొకటి ఉందని వసుమతికి ఇంతకాలం తెలియదు. ఉండి కూడా తనకి ఒక్కసారీ ఇవ్వలేదు.

నవ్విస్తున్నది మమత. యూసుఫ్‌గూడలో జాకెట్లు కుట్టే చిన్న దుకాణం ఆమెది. సిరిసిల్ల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మంగళవారం, శనివారం మధ్యాహ్నం దుకాణానికి తాళం వేసుకుని, అమీర్‌పేటలో వీళ్ల ఫ్లాట్‌కి వచ్చి, ఒక గంట స్వరాజ్యంగారి మంచం పక్కన కూర్చుని వెళ్తుంది.

స్వరాజ్యంగారు స్నానాలగదిలో పడి తుంటి విరగ్గొట్టుకున్నది కిందటి కార్తీకమాసంలో. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. నడుస్తారని డాక్టర్లు అన్నారు, ఆవిడ నడవలేదు. అప్పటినుంచీ వీధివైపు కిటికీ ఉన్న లోపలి గది ఆవిడది, ఆ గదిలో మంచం ఆవిడది, ఆ మంచం చుట్టూ ఉన్న పని వసుమతిది. పొద్దున మంచం మీదే బెడ్‌పాన్ పెట్టి తీయడం, తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, వీపు పుండు పడకుండా పక్కకి తిప్పి పౌడరు అద్దడం, జావ, మందులు, మళ్లీ పాన్. రవికాంత్ రోజూ పొద్దున్నే ఆ గది గుమ్మంలో నిలబడి "ఎలా ఉందమ్మా?" అని అడిగి, "బానే ఉన్నాన్రా" అనిపించుకుని వెళ్లిపోయేవాడు. మైత్రీవనం వెనకాల ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌లో అతను భాగస్తుడు. ఊళ్ల నుంచి బ్యాగులు వేసుకుని దిగే కుర్రాళ్లకి ఏ కోర్సు చేస్తే ఏ ఉద్యోగం వస్తుందో చెప్పి చేర్పించడం అతని పని. ఒకప్పుడు మెట్లమీద నిలబడి మరీ పాఠం వినేవాళ్లు. ఈమధ్య సందుకో సెంటర్ లేచింది, బ్యాచ్‌లు నిండటం లేదు. నిండని బ్యాచ్‌ల బాధ అతను సెంటర్‌లో ఎవరికీ చెప్పడు. ఇంటికొచ్చి, పప్పులో ఉప్పు చూసి వసుమతికి చెబుతాడు.

అత్తగారు మంచాన పడకముందు వసుమతి శుక్రవారాలు గుడి హాల్లో లలితా పారాయణకి వెళ్లేది. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, గిన్నెలు కడుక్కుని, స్నానం చేసి వెళ్లి కూర్చుంటే ఆ వెయ్యి నామాలు అయ్యేదాకా ఆమెని ఎవరూ పిలిచేవారు కాదు. ఆ సుఖం పోయింది. వసుమతి రావడం మానేసిందని కనుక్కుందామని పారాయణ బృందానికి పెద్ద అయిన విజయరాణి ఒకరోజు ఇంటికే వచ్చింది. సంగతి చూసి, "గుడికి రాలేని పెద్దోళ్ల ఇండ్లకు మేమే పోతున్నమమ్మా. మీ ఇంటికి సుత మనుషుల్ని పంపుత" అన్నది. జీతం లేదు, టీ తప్ప ఇంకేం పుచ్చుకోరు. రవికాంత్ కూడా సరేనన్నాడు. "అమ్మకి కాలక్షేపం. రానీ, మనదేం పోయింది" అన్నాడు.

ఆ బృందంవాళ్లు ఇంకో పని కూడా చేస్తారని వసుమతి విన్నది. ఏ ఇంట్లోనైనా ఆడమనిషి మీద చెయ్యి పడుతోందని తెలిస్తే, నలుగురు పోయి ఆ గుమ్మం ముందు కూర్చుని, ఆ మగమనిషి బయటికొచ్చి మాట్లాడేదాకా నామాలు చదువుతారట. అదంతా బస్తీల్లో సంగతి అనుకుంది వసుమతి. లిఫ్టు ఉన్న ఫ్లాట్లలో, మొగుడు ఇంగ్లీషు పేపరు చదివే ఇళ్లల్లో అలాంటివి ఉండవు. ఇక్కడ తోయడం ఉంటుంది, మణికట్టు మెలిపెట్టడం ఉంటుంది, కంచం విసరడం ఉంటుంది. దాన్ని కొట్టడం అని ఎవరూ అనరు. వసుమతి కూడా అనదు.

మమతతోపాటు ఇంకో ఆవిడ కూడా వచ్చేది. పేరు సత్తెమ్మ. అరవై దాటి ఉంటాయి. చేతిలో గుడ్డసంచీ, నోట్లో మాట తక్కువ. తెలియని ఇళ్లకి ఒంటరిగా ఎందుకని మమత తోడు తెచ్చుకుంటోంది కాబోలనుకుంది వసుమతి. మమత లోపలి గదిలోకి వెళ్తే, సత్తెమ్మ వంటింటి గడప పక్కన గోడకానుకుని కింద కూర్చునేది. వసుమతి చేతిలో గోరుచిక్కుళ్లు చూస్తే "ఇటియ్యి బిడ్డా, నేను తుంచుత" అనేది. "వద్దండి, మీరు కూర్చోండి" అనేది వసుమతి. వచ్చినవాళ్లచేత పని చేయించే అలవాటు వాళ్ల గోదావరి ఇళ్లల్లో లేదు. అదీగాక, ఆమె చెవులూ కళ్లూ వంటింట్లో ఉంటేగా. ఏదో ఒక వంక పెట్టుకుని, చేత్తో ఒక గిన్నో గుడ్డో పట్టుకుని, లోపలి గది తలుపు దగ్గరికి వెళ్లి ఆగిపోయేది. తలుపు ఓరగా వేసి ఉండేది. ఆ సందులోంచి అత్తగారి ముఖం సగం కనిపించేది.

వసుమతిని "ఏమే" అని పిలిచే నోరు మమతని "అమ్మడూ" అనేది. మంగళవారం పొద్దున్నుంచే "తల దువ్వవే, చిక్కు పెట్టుకుని కూర్చోనా మనుషులొచ్చినప్పుడు? ఈ చీర కాదు, ఆ నీలం అంచుది తియ్యి" అని తొందర. ఇంకొకరి కోసం అత్తగారిని ముస్తాబు చేసేది వసుమతే. ఆ మనిషి వచ్చేవేళకి మంచం మీద వాసన లేకుండా అగరొత్తి వెలిగించేది వసుమతే. వచ్చిన మమత "పెద్దమ్మ ఎంత మంచిగ తయారైంది సూడు!" అంటే స్వరాజ్యంగారు సిగ్గుపడి, "ఏదో లేవే, ముసలిదాన్ని" అని చెంగు సర్దుకునేవారు. వసుమతి పెట్టిన నువ్వుండలో సగం తిని సగం దిండు కింద దాచి, "అమ్మడికి పెడదామని ఉంచా" అనేవారు. ఆ ఉండ చుట్టింది ఎవరో ఇద్దరికీ గుర్తు రాదు.

కోపం రావలసింది అత్తగారి మీద. వచ్చింది మమత మీద. గంటసేపైతే ఎవరైనా దేవతే అనుకునేది వసుమతి. పాన్ తీయమను, వీపు కడగమను, అర్ధాంతరంగా కప్పు విసిరేస్తే ముక్కలు ఏరమను, అప్పుడు చూద్దాం ఎన్ని కథలు చెబుతుందో. గంట కాగానే మమత చెప్పులేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని, "పోయొస్త వదినా" అని చక్కా పోతుంది. మెట్లు దిగేటప్పుడు ఆమె చెప్పుల చప్పుడు ఎంత తేలిగ్గా ఉంటుందో. ఆ తేలికదనం చూస్తే కూడా వసుమతికి ఒళ్లు మండేది. సాయంత్రం దీపం పెట్టి కూర్చుంటే మనసు నామాల మీద నిలిచేది కాదు. అమ్మా, వాళ్లు వచ్చి కూర్చుంటే అందరూ సేవ అంటున్నారు, మరి నేను చేసేదానికి పేరేమిటి తల్లీ? నీ వెయ్యి పేర్లలో ఒక్కటైనా అప్పివ్వరాదా? అలా అడిగి, అడిగినందుకు చెంపలేసుకుని, కుంకుమ తీసి నుదుట పెట్టుకునేది.

ఒక గురువారం వసుమతి తనూ ప్రయత్నించి చూసింది. పనంతా ముగించి, చేతులు తుడుచుకుని, మమత కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలోనే వెళ్లి కూర్చుంది. స్వరాజ్యంగారు అనుమానంగా చూశారు.

"ఏంటే, వంటయిందా?"

"అయిందండి. ఊరికే కూర్చుందామని."

"ఊరికేనా? రవి ఏమన్నా అన్నాడా? డబ్బులేమన్నా కావాలా?"

"అబ్బే, అదేం లేదండి అత్తయ్యగారూ. మీ చిన్నప్పుడు మీరు గోడ దూకి జామకాయలు కోసుకొచ్చిన సంగతి మమతగారికి చెబుతున్నారు కదా మొన్న. నాకూ చెప్పండి."

"నీకెందుకే అవన్నీ? ఆ కర్టెన్ వెయ్యి, ఎండ మొహాన కొడుతోంది."

వసుమతి లేచి కర్టెన్ వేసింది. వేశాక మళ్లీ కూర్చోవడానికి మొహం చెల్లలేదు.

తర్వాతి శనివారం మమత మల్లెలు తెచ్చింది. తడిగుడ్డలోంచి దండ తీస్తుంటే తలుపు దాకా వాసన వచ్చింది. వసుమతి సందులోంచి చూస్తూ, ఇప్పుడు చూడాలి తమాషా అనుకుంది. ఎందుకంటే మామగారు పోయిన మరుసటి ఏడాది, వేసవిలో, ఒకరోజు వసుమతికే అలా అనిపించింది. అత్తగారి నెరిసిన ముడి వెలవెలబోయి కనబడితే, తన దండలోంచి మూరలో సగం తుంచి, వెనకనుంచి వెళ్లి పెట్టబోయింది. స్వరాజ్యంగారు తల విసిరి కొట్టారు. "బుద్ధుందా నీకు? మొగుడు పోయినదానికి పూలు పెడతావా? నలుగురూ నవ్వాలా?" ఆ మాట హాల్లో ఉన్న చుట్టాలందరూ విన్నారు. వసుమతి ఆ సగం మూర దండ పిడికిట్లోనే పట్టుకుని వంటింట్లో నిలబడి ఏడ్చింది.

"వద్దే అమ్మడూ" అంటున్నారు ఇప్పుడు స్వరాజ్యంగారు. "మావాళ్లలో పెట్టుకోరే."

"పెట్టుకుంటున్నది ఎవరో పువ్వులకేం ఎరుక పెద్దమ్మా?" అంటోంది మమత. "చిన్నప్పటిసంది పెట్టుకున్నవి, నడుమల వచ్చినోడు పోతే మనమెందుకు ఇడిచిపెట్టాలె? మా ఇంట్ల మా అమ్మ సుత పెట్టుకుంటది. జర తల వంచు."

స్వరాజ్యంగారు తల వంచారు. మమత పెట్టింది. ముసలిచేయి మెల్లగా వెనక్కి వెళ్లి, ఆ పూలని తాకి, అక్కడే ఉండిపోయింది. ఆవిడ కళ్లు మూసుకున్నారు. కింద పెదవి చిన్నపిల్లకి వణికినట్టు వణికింది.

వసుమతికి గుండెల్లో ఏదో కాలినట్టయింది. ఆ మాటలే తను చెప్పి ఉంటే తల వంచేవారా? తనకి ఆ మాటలు రాలేదు, నిజమే. కానీ మాటలు రాకపోతేనేం, తను తుంచిన పూలూ ఇవే కదా. అంత ప్రేమ పుచ్చుకునే మనిషై ఉండి, తన దగ్గర మాత్రం ఎందుకు పుచ్చుకోలేదు?

"బిడ్డా, పాలు పొంగుతున్నయి" అన్నది వెనకనుంచి సత్తెమ్మ.

వసుమతి పరిగెత్తేసరికే సత్తెమ్మ లేచి స్టవ్ కట్టేసింది. గుడ్డ తీసుకుని పాలు తుడుస్తూ, వసుమతి అందుకోబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆగింది. గాజుల కింద మణికట్టు చుట్టూ నీలంగా కమిలి ఉంది.

"ఇదేంది?"

"తలుపు తగిలిందండి."

సత్తెమ్మ ఇంకేం అడగలేదు. గాజుల్ని మెల్లగా కిందికి జరిపి ఆ మచ్చ కప్పేసి, చెయ్యి వదిలేసింది. ఈవిడకెందుకమ్మా ఇవన్నీ, వచ్చినదానికి ఊరికే కూర్చోకుండా, అని విసుక్కుంది వసుమతి. అంతలో లోపల మళ్లీ నవ్వు వినబడింది. మచ్చ సంగతి మర్చిపోయింది.

ఆ సాయంత్రం భోజనం దగ్గర రవికాంత్ ఎత్తుకున్నాడు.

"అమ్మ తలలో పూలు చూశావా? ఎంత కళగా ఉందో మొహం. ఎక్కడో జాకెట్లు కుట్టుకునే మనిషి, ఆవిడకున్న మనసు నీకు లేకపోయింది. నువ్వు గదిలోకెళ్తే అమ్మకి ఉన్న రోగం ఎక్కువవుతుంది."

ఇలాంటివి వసుమతి రోజూ వినేదే. చారు పోస్తూ వినేది, గరిటె పక్కన పెడుతూ మింగేసేది. ఆవేళ ఎందుకో మింగుడు పడలేదు. "గంట కూర్చునే మనిషి కదండీ. ఆవిడ వెళ్లాక పాన్ తీసేది నేనే" అన్నది.

అతను కంచం పక్కకి నెట్టి లేచాడు. "ఎదురు చెబుతున్నావా? అసూయతో చచ్చిపోతున్నావ్, తెలుసా?" అని భుజం మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోశాడు. వెనక బీరువా హ్యాండిల్ ఉంది. చప్పుడు గట్టిగానే అయింది.

"ఏంట్రా ఆ చప్పుడు?" అన్నారు లోపలినుంచి స్వరాజ్యంగారు.

"గిన్నె పడిందమ్మా."

గిన్నె పడితే ఎలా మోగుతుందో ఆవిడకి తెలియదా? ఇంకోసారి అడుగుతారేమోనని వసుమతి నేల మీద కూర్చునే ఎదురుచూసింది. అడగలేదు. ఒక దగ్గు వినిపించింది, అంతే. పడింది మమత అయితే అడిగేవారు అనుకుంది వసుమతి. భుజం నొప్పి కంటే ముందు ఆమెకి తోచింది అదే. అతను అన్న మాటలో ఒక్కటి మాత్రం అబద్ధం కాదు, అసూయతో చచ్చిపోతోంది. అయితే ఆ మనిషి ఈ ఇంటికి రాకూడదు. వచ్చేవారం నుంచి రాకూడదు.

సోమవారం పంజాగుట్టలో మందులు కొనాలని చెప్పి బయల్దేరింది. దారిపొడుగునా కుర్రాళ్లు కోచింగ్ సెంటర్ల కాగితాలు చేతిలో కుక్కుతుంటే, మందుల సంచీలో వేసుకుంటూ, ఎర్రమంజిల్ క్వార్టర్స్ దాకా నడిచింది. విజయరాణి మేడమీద ఎండుమిరపకాయలు తిరగేస్తోంది. ఎండకి కళ్లు చికిలిస్తూ "దా దా వసుమతీ, గింత ఎండల వచ్చినవేంది?" అన్నది.

వసుమతి దారంతా అనుకుంటూ వచ్చిన మాట చెప్పింది. "మమతగారు వస్తే అత్తయ్యగారికి బీపీ పెరుగుతోందండి. ఎక్కువ మాట్లాడిస్తున్నారు. తర్వాత నిద్ర పట్టడం లేదు. ఇక రావద్దని చెప్పండి, ఏమీ అనుకోకండి."

దేవుడి పాటలు పాడే మనిషి ముందు అబద్ధం చెబుతున్నందుకు చెవులు వేడెక్కాయి. విజయరాణి మాత్రం మిరపకాయలు తిరగేస్తూనే ఉంది.

"గట్లనా? సరే తియ్, చెప్త. దానికేం ఫికర్ లేదు, మమత కోసం ఇంకా శాన ఇండ్లున్నయి. మరి సత్తెమ్మ?"

"ఆవిడదేముందండి. మమతగారికి తోడుగా వచ్చే మనిషేగా. మమతగారే రాకపోతే ఆవిడెందుకు?"

విజయరాణి చేతులాపింది. "తోడా? ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నా."

"ఇగ సూడు" అని విజయరాణి నవ్వబోయి, వసుమతి మొహం చూసి మానేసింది. నీడలోకి జరిగి పక్కన చోటు చూపించింది. "ఇటు కూసో. సత్తెమ్మ నీ కోసం వస్తున్నదమ్మా."

వసుమతికి అర్థం కాలేదు.

"మంచం దిగనీకి రాని మనిషున్న ఇంట్ల, ఆ మంచం కోడుకు కట్టేసినట్టు ఇంకో ఆడమనిషి ఉంటది. గందుకే మేం ఏ ఇంటికైనా ఇద్దరం పోతం. ఒకరు మంచం కాడ కూసుంటరు, ఒకరు పొయ్యి కాడ కూసుంటరు. పొయ్యి కాడ కూసునేటోళ్లు ఏం అడగరు. ఆమె మాట్లాడిన దినం వింటరు."

"ముందే చెప్పొచ్చు కదండీ."

"ఏమని చెప్పాలె? నేను మీ ఇంటికొచ్చిన దినం నీ మొగడు ఎదురుంగ కుర్చీల కూసున్నడు. నీ పెండ్లం ఎట్లున్నదో సూడనీకి వచ్చినం సార్ అనాలెనా? మర్నాడు తలుపు తీస్తడా?" విజయరాణి గొంతు తగ్గించింది. "మమత గన్ని కథలు చెప్పి ఎందుకు నవ్విస్తదనుకున్నవ్? నవ్వుకుంట కూసుంటే గా గంటసేపు మీ అత్త నిన్ను పిలువదు. గా గంట నీకు దొరకాలెనని. సత్తెమ్మ మొన్న నాతోని అన్నది, 'ఆమె నన్ను సూస్తనే లేదక్కా, కండ్లన్నీ లోపలి అర్ర మీదనే ఉంటయి' అని. వేరే ఇంటికి పంపుతనంటే వద్దన్నది. ఆమె చెయ్యి సూసిన, నేను గా గడప ఇడ్వను అన్నది."

మేడ మీద గాలి లేదు. మిరప ఘాటుకి వసుమతి కళ్లలో నీళ్లు తిరిగాయి. విజయరాణి అది ఘాటే అనుకున్నట్టు ఊరుకుంది.

సత్తెమ్మ కట్టుకొచ్చే చీర ఏ రంగో గుర్తు చేసుకుందామని చూసింది వసుమతి. రాలేదు. ఇన్నాళ్లూ ఒక మనిషి బస్సెక్కి, ఎండలో నడిచి, ఆమె కాళ్ల దగ్గర కటిక నేల మీద కూర్చుని, ఆమె ఎప్పుడు తనవైపు తిరుగుతుందా అని చూసింది. ఆమె ఆ మనిషిని దాటుకుంటూ తలుపు సందు దగ్గరికి పరిగెత్తింది. మమత చీర రంగు గుర్తుంది, ఆమె గాజులు గుర్తున్నాయి, ఆమె ఏ మాటకి అత్తగారు ఎలా నవ్వారో గుర్తుంది. ఆ నవ్వు అడ్డం పెట్టి తనకోసం ఒక గంట తీసిపెట్టారు. ఆ గంటంతా తను ఆ నవ్వునే వింటూ కూర్చుంది. తెలిసినంత మాత్రాన అది గుచ్చుకోవడం మానుతుందా అంటే, మానదని వసుమతికి తెలుసు. రేపు మళ్లీ అత్తగారు "అమ్మడూ" అంటారు, మళ్లీ ఎక్కడో మండుతుంది. మండితే మండనీ.

లేస్తూ, "మమతగారిని రమ్మనండి. బీపీ ఏం పెరగలేదు" అన్నది.

"ఎరుకే" అన్నది విజయరాణి.

మంగళవారం కొత్త బ్యాచ్ మొదలుకావలసింది, మొదలు కాలేదు. రవికాంత్ మధ్యాహ్నానికే ఇంటికొచ్చి హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. గంట మోగితే తలుపు తీసింది వసుమతి. సత్తెమ్మ ఒక్కతే ఉంది.

"మమత బస్సు తప్పిపోయింది బిడ్డా. ఎనుక వస్తున్నది."

ముదురాకుపచ్చ చీర. ఎడమ చెవి తమ్మె తెగి కలిసినట్టు చిన్న గీత. వసుమతి ఆమెని వంటింట్లోకి తీసుకెళ్లి, చాప పరిచింది. టీ పెట్టబోయి, ఆగి, స్టవ్ కట్టేసి, ఆ చాప మీదే ఆమె ఎదురుగా కూర్చుంది. పనేదీ చేతిలో లేకుండా వంటింట్లో కూర్చోవడం కొత్తగా ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సత్తెమ్మ ఏమీ అడగలేదు. కాసేపటికి వసుమతి గాజులు వెనక్కి జరిపింది, జాకెట్టు చెయ్యి కూడా కొంచెం పైకి లాగింది.

"ఇది తలుపు తగిలి కాదండి" అన్నది.

అప్పుడే లోపలి గదిలోంచి కేక వినిపించింది. "వసూ! ఏమే, ఎక్కడున్నావ్? పాన్ పెట్టు!"

మోకాళ్లు వాటంతట అవే లేవబోయాయి. సత్తెమ్మ లెమ్మనలేదు, కూర్చోమనలేదు. హాల్లోంచి రవికాంత్ గొంతు, "అమ్మ పిలుస్తోంది, వినబడట్లేదా?"

"వినబడిందండి. ఈ ఒక్కసారికి మీరు చూడండి."

పేపరు మడిచిన చప్పుడు. అడుగుల చప్పుడు. రవికాంత్ వంటింటి గుమ్మంలోకి వచ్చి, కింద కూర్చున్న ఇద్దరినీ చూశాడు. సత్తెమ్మ వైపు తిరిగి, సెంటర్‌లో చేరడానికొచ్చిన పిల్లల తండ్రులతో నవ్వినట్టు నవ్వాడు. "కూర్చోండమ్మా, కూర్చోండి." ఫ్రిజ్‌లో మంచినీళ్ల సీసా కోసం అన్నట్టు వచ్చి, అది తీసి, వసుమతి చెవి దగ్గరికి వంగి, పెదవులు కదలకుండా అన్నాడు, "ఈవిడని వెళ్లనీ. నీ సంగతి చెప్తా."

ఆ గొంతు ఆమెకి బాగా తెలుసు. చుట్టాల పెళ్లిళ్లలో, రైల్లో, గుడి మెట్ల మీద, చుట్టూ ఎంతమంది ఉన్నా ఆమె ఒక్కదానికే వినబడే గొంతు అది. విన్నది ఎవరికీ చెప్పదన్న నమ్మకంతో అంత చిన్నగా ఉంటుంది. పెళ్లయిన నాటినుంచీ వసుమతి ఆ గొంతుని భద్రంగా దాచిపెట్టింది.

బాల్కనీలోంచి కిందనున్న కూరగాయల బండిని పిలిచే గొంతుతో ఆమె అన్నది, "సత్తెమ్మగారూ, మీరు వెళ్లాక నా సంగతి చెప్తారటండి."

ఆ మాట హాలు దాటి, వీధి తలుపు దాకా వెళ్లింది. రవికాంత్ చేతిలో సీసా అలాగే ఉంది. సత్తెమ్మ ఒళ్లో ఉన్న సంచీ తీసి పక్కన పెట్టుకుని, గోడకి ఇంకొంచెం ఆనుకుని కూర్చుంది.

"అట్లనా సార్?" అన్నది, తాపీగా. "అయితే ఇయ్యాల నేను పోను తియ్. మమత వచ్చినంక ఆమెను సుత పోనియ్య."

లోపలి గదిలో అలికిడి లేదు. గిన్నె పడిందంటే ఊరుకునే ఆ గది ఇప్పుడూ ఊరుకుంటుందని వసుమతి అనుకుంది.

"రవీ" అని వినిపించింది.

వసూ అని కాదు. స్వరాజ్యంగారి గొంతు సన్నగా, సిగ్గుపడుతున్నట్టుగా ఉంది. "రవీ, దాన్ని పిలవకు. నువ్వే రా. ఆగలేనురా."

అతను సీసా గట్టు మీద పెట్టి వెళ్లాడు. లోపల ఒక అలమర తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. కుర్చీ ఏదో జరిపాడు. కర్టెన్ లాగాడు. మళ్లీ అలమర. చివరికి గొంతు వినిపించింది. ఎన్నడూ అడగని మనిషి అడిగినట్టు, ఎలా అడగాలో తెలియక అడిగినట్టు.

"ఈ పాన్ ఎక్కడ పెడతావ్?"

వసుమతి మోకాళ్ల మీద రెండు చేతులూ వేసి నొక్కి పట్టుకుంది.

"మంచం కిందే ఉందండీ" అన్నది. "వంగి చూడండి."